పడకముందే ఆపిన వీడియో

మంది నొప్పులు నిజమా అబద్ధమా అని చూసి రావడం నా పనిగా ఉండేది. ఇట్లా చెబితే ఎవరైనా నన్ను డాక్టరనుకుంటారు. మా అమ్మ కొన్నాళ్లు ఊళ్లో అట్లాగే చెప్పుకుంది కూడా. నిజానికి నేను ఏడో తరగతి మధ్యలో బడి నుంచి బయటికొచ్చినవాణ్ని. బయటికొచ్చానని నేనంటాను, బయటికి పంపామని మా అయ్యవారంటారు. ఇద్దరి మాటా నిజమే.

కొన్నాళ్లు లారీ మీద క్లీనరుగా తిరిగి, తర్వాత కడపలో కోర్టు ముందర ఆటో పెట్టుకున్నాను. కోర్టు ముందర ఎక్కేవాళ్లతో ఒక సుఖముంది. లోపల చెప్పలేకపోయిన మాటలన్నీ మోసుకొని బయటికొస్తారు. అద్దంలో మొహం చూసి ఒక చిన్న పరాచికం విసిరితే చాలు, దిగేలోపల ఆ మూటంతా ఆటోలోనే దించేస్తారు. ఇన్సూరెన్సు కంపెనీల తరఫున వాదించే ఒక లాయరు సారు సాయంత్రం పూట నా ఆటోలోనే ఇంటికి పోయేవాడు. ఒకరోజు వెనక కూర్చొని, "నీకు మంది నోరు తెరిపించే విద్య ఉంది. దాన్ని ఆటోలో పారబోసుకుంటున్నావు" అన్నాడు.

"నా నోరు మూయించే విద్య మా ఇంట్లో ఒకామెకుంది సార్. పెట్టుకుంటే ఆమెను పెట్టుకోండి" అన్నాను.

ఆయన నవ్వి నన్నే పెట్టుకున్నాడు.

పని ఇదీ. రోడ్డు మీద ప్రమాదం జరుగుతుంది. దెబ్బ తగిలినవాళ్లు పరిహారం ఇప్పించమని కోర్టుకు పోతారు. ఇక లేవలేను, పని చేయలేను, నన్ను ఎత్తి కూర్చోబెట్టడానికి ఒక మనిషి కావాలి అంటారు. ఈమధ్య కోర్టులు ముందు ముందు పోబోయే సంపాదన, సేవ చేసే మనిషి జీతం, పడిన బాధ అన్నీ కలిపి పెద్ద మొత్తాలే ఇప్పిస్తున్నాయి. కంపెనీలకు గుండెదడ. తీర్పు రాకముందే, ఆ మనిషి నిజంగా లేవలేడా అని పోయి చూసే కళ్లు వాళ్లకు కావాలి. ఆ కళ్లు నావి. సారు నన్ను ఎవరికైనా పరిచయం చేయాల్సి వస్తే "మా ఫీల్డు మనిషి" అనేవాడు. సెంటు భూమి లేనివాడికి ఆ రకంగా ఒక ఫీల్డు దొరికింది.

అన్నీ పాపిష్టి పనులే అనుకోవద్దు. ఆలూరు దిక్కు ఒకాయన మెడ తిప్పలేనని మెడకు పట్టీ వేసుకొని కోర్టుకొచ్చేవాడు. నేను వాళ్ల ఊరికి పోయేసరికి ఆ పట్టీ మోటారు సైకిలు హ్యాండిలుకు వేలాడుతోంది. ఆయన అటూ ఇటూ మెడ తిప్పి అదిలిస్తూ బర్రెను తోలుకొస్తున్నాడు. "ఏమప్పా, ఈ పట్టీ బర్రెకా?" అన్నాను. ఆయనకూ సరదా పుట్టింది. పట్టీ తీసి బర్రె మెడకు పట్టుకొని, నా ఫోను వైపు చూసి నవ్వాడు. ఆ ఫోటో చూసి జడ్జి గారు నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కున్నారు. ఆ కథ చెప్పుకొని నేను చాలా టీలు తాగాను. దొంగల్ని పట్టేవాణ్ని అని నాకు నేనే ఒక పేరు కూడా పెట్టుకున్నాను.

నా పద్ధతి ఒక్కటే, నవ్వించడం. నవ్వే మనిషి ఒళ్లు దాచుకోలేడు. నడుము నొప్పి అని అబద్ధమాడేవాడు కడుపు పట్టుకొని ముందుకు వంగి నవ్వుతాడు. నిజంగా నడుము పోయినవాడి నవ్వు సగంలో తెగిపోతుంది. చెయ్యి ఏదో ఒకదాన్ని వెతుక్కుంటుంది. డాక్టర్ల యంత్రాల సంగతి నాకు తెలియదు. ఈ యంత్రం మాత్రం ఒక్కసారి కూడా నాతో అబద్ధం చెప్పలేదు. ఆ ముక్క ముందే చెప్పి పెడుతున్నాను, నాకు తెలియక జరిగిందని ఎవరూ జాలిపడకుండా.

మైదుకూరు దాటినాక రోడ్డు నుంచి లోపలికి పోతే ఒక పల్లె. అక్కడొక మనిషి బండల పని చేసేవాడు. గనిలో కడప బండలు కొట్టి, మోసి, ఇళ్ల ముందర పరిచేవాడు. పని ముగించుకొని మోటారు సైకిలు మీద వస్తుంటే వెనకనుంచి లారీ గుద్దింది. ప్రాణం దక్కింది గానీ వెన్నుపూస దెబ్బతిని కాళ్లలో సత్తువ పోయింది. వయసులో ఉన్నవాడు, ఇంకా ఎన్నో ఏళ్లు సంపాదించాల్సినవాడు కాబట్టి కేసు పెద్దదైంది. అతనికి కావాల్సింది ఒకటే. మంచం మీదినుంచి ఎత్తి దించడానికి జీతానికి ఒక మనిషిని పెట్టుకునే ఆధారం. అది దొరికితే అతని భార్య కూలికి పోవచ్చు. దొరకకపోతే ఆమె మొగుణ్ని ఎత్తాలో, కూలికి పోవాలో తేల్చుకోవాలి.

నేను పోయేసరికి రేకుల పంచ కింద మంచం మీద ఉన్నాడు.

"ఎవురు నువ్వు?" అన్నాడు.

"కడప నుంచి వచ్చినా. ఇంటి ముందర బండలు పరిపించుకోవాల. నీ అంత పనోడు ఈ చుట్టుపక్కల లేడన్నారు."

"అన్నోనికి కండ్లు లేవా? నా కాళ్లు సూసినావా, పట్టపగలు రెండూ పండుకోనుండాయి."

"నిన్ను మొయ్యమని యాడ అంటినప్పా? కూసోని సలహా ఇయ్యి."

"సలహా అయితే ఇస్తా. దానికి నడుముతో పనిలేదు. మా ఊర్లో సలహాలిచ్చేటోళ్లందరికీ నడుములు బాగనే ఉండాయి, ఒక్కడన్నా లేచి పని జేస్తాడా?"

ఇద్దరం నవ్వాం. అతని నవ్వు సగంలో తెగిపోయింది. చెయ్యి పోయి మంచం పట్టెను పట్టుకుంది. మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

అదే మొదటి రోజు. ఆ రోజే నాకు తెలిసిపోయింది.

మళ్లీ పోయాను. లేని ఇంటికి లేని బండలు బేరమాడడానికి పదే పదే పోయాను. అతను నాకు సరిజోడు. నేనొకటంటే అతను రెండనేవాడు. "ఇంత దూరం ఉత్తసలహాకు వస్తాండావే, మీ ఇంట్లో నిన్ను ఎల్లగొట్టినారా బావా?" అన్నాడు ఒకసారి. ఆ బావా అక్కడే అంటుకుంది. అతనికి బావనైతే అతని భార్యకు అన్ననైనట్టే కదా. ఆమె ఆ వరస పట్టుకొని మొదటిసారి నీళ్ల చెంబు ఇచ్చినప్పుడే "తాగన్నా" అంది. నోటి చివర పలికినట్టు కాదు. తోడబుట్టినవాణ్ని పిలిచినట్టే పిలిచింది.

"ఆయన నవ్వి శానా దినాలాయెన్నా. నువ్వొచ్చినబ్బుడే నవ్వుతాండాడు. వస్తా పోతా ఉండు" అంది వాకిట్లో, అతనికి వినబడకుండా.

కడపకు పోయి సారుతో చెప్పాను. "ఈయన నిజంగానే లేవలేడు సార్. ఈ కేసు వదిలేద్దాం."

"నువ్వెప్పుడు డాక్టరువైనావు?" అన్నాడు సారు. "నీ అభిప్రాయం నాకెందుకు? నాకు బొమ్మ కావాలి. ఎంత లేవలేనివాడైనా ఏదో ఒక రోజు ఒక్క క్షణం నిలబడతాడు. అప్పుడు నువ్వక్కడ ఉండాలి. ఈ కేసులో పెద్ద దెబ్బ పడితే కంపెనీ మన కేసులన్నీ పట్టుకుపోయి ఇంకొకరి చేతిలో పెడుతుంది. తర్వాత నీ ఆటో నీకుంటుంది."

ఆయన బెదిరించాడని చెప్పుకుంటే నాకు బాగుండేది. ఆయన మామూలుగానే చెప్పాడు. నాకే ఆటో గుర్తొచ్చి సరేనన్నాను.

ఆ ఒక్క క్షణం నన్ను వెతుక్కుంటూ వచ్చింది. ప్రమాదం జరిగి ఏడాదైందని, ప్రాణాలతో మిగిలినందుకు వాళ్ల చర్చిలో కృతజ్ఞతా కూడిక పెట్టుకున్నారు. "రా బావా. వేటపోతును కోస్తాండాము. నీ పరాచికాలు ఆడ వద్దు, అయ్యగారు ఒప్పుకోడు. తినేదానికి మాత్రం నోరు తెరువు" అని ఫోను చేశాడు. నేను కొత్త చొక్కా వేసుకొని, ఫోను నిండా చార్జింగు పెట్టుకొని పోయాను.

తాతల కాలంలో నల్లబండలతో కట్టిన చర్చి అది. మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క చాపల మీద కూర్చున్నారు. అతన్ని ప్లాస్టిక్ కుర్చీలో మోసుకొచ్చి ముందర పెట్టారు. వాళ్లలో ఒక ఆనవాయితీ ఉంది. గండం గడిచి బయటపడినవాడు సంఘం ముందర నిలబడి దేవుడు తనకేం చేశాడో నోరారా చెప్పాలి. పాటయ్యాక పాస్టరు అయ్యగారు అందర్నీ కళ్లు మూసుకొని ప్రార్థనలో ఉండమన్నాడు. అందరూ మూసుకున్నారు. ఆ చర్చిలో కళ్లు తెరుచుకొని ఉన్నది నేనూ, నా ఫోనూ.

భార్య అతని చేతికి కర్ర ఇచ్చి వెనక నిలబడింది. అతను కర్ర మీద బరువంతా వేసి లేచాడు. ఎంతసేపు పట్టిందో చెప్పలేను. మొహమంతా చెమట. ఆ చెమట నా ఫోనులో పడలేదు, అంత మంచి ఫోను కాదు.

"సంఘానికి వందనాలు" అన్నాడు. "పోయినేడు ఈ దినానికి నేను ఆస్పత్రిలో ఉంటిని. ఇంగ నిలబడలేడన్నారు. నా దేవుడు నన్ను నిలబెట్టినాడు. నా నడుములో నొప్పి లేదు. నా కాళ్లలో బలముండాది. ఆయన నన్ను పూర్తిగా బాగు చేసినాడు." కర్ర వదిలేశాడు. రెండు చేతులూ పైకెత్తి "స్తోత్రం" అన్నాడు.

నేను వీడియో ఆపేశాను.

ఎవరూ ఆపమని చెప్పలేదు. సారు కూడా అంత వివరంగా ఏమీ చెప్పలేదు. పరాచికాలాడేవాడికి ఎక్కడ ఆపాలో తెలిసి ఉంటుంది. నవ్వు పుట్టాక ఇంకొక్క ముక్క కలిపినా అంతా చెడిపోతుంది. ఇన్నేళ్లుగా నా నాలుకకు అలవాటైన ఆ విద్య ఆ రోజు నా బొటనవేలికి వచ్చింది.

నేను ఆపిన వెంటనే అతని మోకాళ్లు మడతపడ్డాయి. భార్య వెనకనుంచి చంకల కింద చేతులు పెట్టి పట్టుకుంది. ఆ బరువుకు తనూ వంగిపోయి, గోడకు వీపు ఆనించి, పడకుండా ఆపి, మెల్లగా కుర్చీలోకి జార్చింది. అతని నోటినుంచి ఒక మూలుగు వచ్చింది. ఆడవాళ్లు పాట గొంతు పెంచారు. కళ్లు మూసుకున్నా అందరికీ తెలుసు.

నా పక్క చాప చివర కూర్చున్న ముసలామెను మెల్లగా అడిగాను. "ఏందవ్వా, నొప్పే లేదనె, అంతలోనే పడిపాయ?"

ఆమె నన్ను చిన్నపిల్లవాణ్ని చూసినట్టు చూసింది. "నోటితో ముందు ఒప్పుకోవాల నాయనా. నొప్పి ఉండాదని దేవునికి తెలీదా ఏంది? తెలుసు. నమ్మి ముందుగాల మనం చెప్పుకుంటే ఆయన ఎనకాల చేస్తాడు. అదే ఇశ్వాసం."

అంటే అది నాకు అక్కడే, అప్పుడే, విడమరచి చెప్పారు. తెలియలేదని చెప్పే దారి కూడా ఆ అవ్వ మూసేసింది.

తర్వాత బంతిలో కూర్చున్నాను. అతని భార్య, చీరకు చెమట ఇంకా ఆరలేదు, గరిటె పట్టుకొని వచ్చి మూలిగ ఎముక వెతికి నా విస్తరిలో వేసింది. "మా అన్నకు" అంది పక్కవాళ్లతో. నేను ఆ ఎముక చీకాను. బాగుంది కూడా.

సారు ఆ వీడియోను మళ్లీ మళ్లీ చూశాడు. "తర్వాత ఏమైంది?" అని అడిగాడు.

"కూచున్నాడు సార్."

"కూర్చున్నాడు" అని సారు తన భాషలోకి మార్చి రాసుకున్నాడు.

కోర్టు రోజు వరండాలో అతను చక్రాల కుర్చీలో ఉన్నాడు. పక్కన భార్య, చర్చి అయ్యగారు. నన్ను చూడగానే అతని మొహం విప్పారింది.

"బావా! నువ్వు గూడా వచ్చినావా? నీకెవురు జెప్పినారు?" భార్యవైపు తిరిగి, "చూడుమే, మీ అన్న పని ఇడిసిపెట్టి వచ్చినాడు నాకోసరం. టీ తెప్పియ్యి" అన్నాడు.

టీ వచ్చేలోపల లోపలినుంచి నా పేరు పిలిచారు. కంపెనీ తరఫు సాక్షి అన్నారు. నేను వెళ్లి బోనులో నిలబడ్డాను. అతని కుర్చీని లోపలికి తోసుకొచ్చారు. లాప్‌టాప్‌లో వీడియో వేశారు. తెర జడ్జి గారివైపు తిరిగి ఉంది కాబట్టి అతనికి బొమ్మ కనబడలేదు. గొంతు మాత్రం వినబడింది. తన గొంతు తాను వింటూ అతను నావైపే చూశాడు. నేను గోడ మీది ఫ్యానును చూశాను. ఫ్యాను అంత శ్రద్ధగా ఎవరూ చూసి ఉండరు.

అతని తరఫున ఒక పడుచు లాయరమ్మ లేచింది. "చేతులెత్తగానే వీడియో ఆగిపోయింది. ఎందుకు ఆపారు? ఆ తర్వాత ఆయనకు ఏమైంది?"

నిజం నాలుక మీదికొచ్చింది. దాని వెనకాలే పరాచికమొచ్చి, దాన్ని తోసేసి ముందుకు దూకింది.

"బ్యాటరీ అయిపోయింది మేడమ్. దేవుడు ఆయన కాళ్లకు బలమిచ్చినాడు గానీ నా ఫోనుకు ఇయ్యలే."

కోర్టంతా నవ్వింది. బంట్రోతు నవ్వాడు. జడ్జి గారు కాగితాల వెనక మొహం పెట్టుకున్నారు. నేను అతనివైపు చూశాను. అతను కూడా నవ్వాడు. ఎంతైనా పరాచికాలు తెలిసినవాడు, మంచి పరాచికానికి నవ్వకుండా ఉండలేడు. సగం నవ్వి ఆగిపోయాడు. చెయ్యి పోయి కుర్చీ పట్టెను పట్టుకుంది. అది చూడడం తెలిసినవాణ్ని అక్కడ నేనొక్కణ్నే. నేను బోను దిగేశాను.

తర్వాత అతన్ని మళ్లీ అడిగారు. సారు చాలా మర్యాదగా అడిగాడు. "నడుములో నొప్పి లేదు, దేవుడు పూర్తిగా బాగు చేశాడు అని మీరు చెప్పింది నిజమా, అబద్ధమా?"

లాయరమ్మ అతనికి ముందే నేర్పించింది. అది మా ఆనవాయితీ, నమ్మకంతో అట్లా చెబుతాం, నిజానికి నొప్పి ఉంది అని చెప్పమంది. అతను నోరు తెరిచాడు. అయ్యగారు వెనక బెంచీలో కూర్చొని ఉన్నాడు. అతను వెనక్కి తిరిగి ఆయన్ని చూశాడు.

"దేవుని మందిరంలో అబద్ధం ఎట్ల జెప్తా సామీ?" అన్నాడు. "జెప్పినా. నిజమే."

"అయితే ఇప్పుడు నొప్పి ఉందా, లేదా?"

అతను ఈసారి అయ్యగారివైపు చూడలేదు. "ఉండాది" అన్నాడు. "అది గూడా నిజమే."

రెండూ నిజమైతే కోర్టు ఏం రాసుకోవాలి? సారు చిన్నగా నవ్వి కూర్చున్నాడు. లాయరమ్మ తల పట్టుకుంది.

తీర్పులో ఎంతో కొంత ఇప్పించారు. ఎత్తి దించే మనిషి జీతం మాత్రం కొట్టేశారు. తనంతట తాను నిలబడగలిగినవాడికి మనిషెందుకని. సారు గువ్వలచెరువు కోవా తెప్పించి నా చేతిలో పెట్టాడు. "నీ బ్యాటరీ మాటే సగం కేసు గెలిపించింది" అన్నాడు. కోవా ఇంటికి తీసుకుపోయాను. మా ఆవిడ ఎందుకు తెచ్చావని అడిగింది. గెలిచామన్నాను. ఎవరి మీద అని అడిగింది. నా నోరు మూయించే విద్య ఆమెకుందని ముందే చెప్పాను కదా.

చాలా రోజులు అతని దగ్గరినుంచి ఏమీ లేదు. తిట్టినా బాగుండు అనుకునేవాణ్ని. తర్వాత ఒక మధ్యాహ్నం ఫోను మోగింది.

"ఏం బావా. వేట మాంసం అరిగిందా?"

ఫోను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నాను.

"మాట్లాడవే? దుడ్లిస్తే మాట్లాడతావేమో. అయినా నాకాడ యాడుండాయిలే." గొంతు మార్చాడు. "తిట్టేదానికి చేయలేదులే. ఆ వీడియో కోర్టులో నాకు కనబడలే. దెబ్బ తగిలినాంక నేను నిలబడింది ఆ ఒక్కసారే. నా పెండ్లాము ఎనకాల ఉన్యా, నా మొగం సూడలే. ఆయమ్మ అది సూడాలంటాంది. పంపిస్తావా?"

ఫోనులో పంపితే చిటికెలో పని. తీసుకొస్తానన్నాను.

నేను పోయేసరికి వాకిలి తీసే ఉంది. భార్య పసుపు కొమ్ములు ఉడకబెట్టే పనికి పోయింది. అతను మంచం మీద పక్కకు తిరిగి ఉన్నాడు. దూలానికి ఒక తాడు వేలాడుతోంది, పట్టుకొని లేవడానికి. గదిలో ఒక వాసన. ఆ వాసనకు నేను పేరు పెట్టను.

"సమయానికొచ్చినావు" అన్నాడు నావైపు చూడకుండా. "పొద్దున ఆయమ్మ పోయినప్పటి నుంచి బిగబట్టుకోనుండా. సిగ్గు లేకుండా అడుగుతాండా బావా, నన్ను ఎత్తు."

ఎత్తాను. చంకల కింద చేతులు పెట్టి, ఆ రోజు ఆమె ఎట్లా పట్టుకుందో అట్లాగే. లారీలో సిమెంటు మూటలు మోసినవాణ్ని, అయినా నా నడుము కలుక్కుమంది. అతని కాళ్లు నేలమీద ఉత్తగా ఈడ్చుకుంటూ వచ్చాయి. రుజువులు వెతకడం నా ఉద్యోగం కదా, అంతకంటే పెద్ద రుజువు ఎవరు మోస్తారు?

"బరువుండానా?" అన్నాడు నా చెవి పక్కన.

"బండ మాదిరుండావు."

"లెయ్యగలిగినోడు గదా, కొంచెం బరువు ఎక్కువే ఉంటాడు" అన్నాడు. పరాచికమే. నేను నవ్వలేదు.

సాయంత్రం ఆమె వచ్చింది. చేతులు మోచేతుల దాకా పసుపు. నన్ను చూసి గుమ్మంలో ఆగింది. చేతులు కడుక్కొని వచ్చి మంచం అంచున కూర్చుంది. నేను ఫోను తీసి ఇద్దరి మధ్య పట్టుకున్నాను. అతను లేచాడు, మాట్లాడాడు, కర్ర వదిలాడు, చేతులెత్తాడు. ఆగిపోయింది.

"మళ్లా పెట్టు" అంది. మళ్లీ పెట్టాను. ఆమె అతని మొహాన్నే చూసింది. చివరికొచ్చేసరికి, "ఆ తర్వాతది?" అంది. "నేను పట్టుకున్యాను గదా, అది యాడ?"

"యాడుంటాది?" అన్నాడు అతను నాకంటే ముందు. "కోర్టులో జెప్పినాడు గదా, బ్యాటరీ అయిపాయెనని. అదే లేకుంటే అంతా వచ్చుండు. మన కర్మ."

ఇన్నాళ్లూ అతను ఆ మాట నమ్మాడు. నేను కంపెనీ మనిషినని తెలిసి కూడా, వీడియో తీశానని తెలిసి కూడా, బ్యాటరీ అయిపోయిన సంగతి మాత్రం నిజమనే అనుకున్నాడు. బావ అంత పని చేసి ఉండడని అతని లెక్క.

"అయిపోలేదు" అన్నాను. "నేనే ఆపినా. నువ్వు పడేది సూసినా. నువ్వు పడతాంటే ఆమె పట్టుకునేది గూడా సూసినా."

అతను మంచం పట్టె మీద వేలితో గీరుతూ ఉన్నాడు. "ఎందుకు?" అన్నాడు.

నా జీవితంలో అడిగిన ప్రతిదానికీ ఒక జవాబు విసిరాను. దీనికి మాత్రం ఫోను ఆపి జేబులో పెట్టుకున్నాను.

ఆమె అడిగింది. "ఈ మాట కోర్టులో జెప్తావా?"

"చెప్తా."

ఆమె లేచి లోపలికి పోయింది. పోతాననుకుందేమో, నేను పోలేదు. కాసేపటికి కంచంలో సంగటి, పప్పు పెట్టుకొని వచ్చి నా ముందర పెట్టింది.

"తినప్పా" అంది.

తిన్నాను.

తర్వాత ఆ లాయరమ్మ దగ్గరికి పోయి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆమె ప్రమాణపత్రం రాయించి సంతకం పెట్టించింది. దాన్ని పట్టుకొని పై కోర్టుకు పోయారు. అబద్ధం చెప్పినందుకు నీ మీద కూడా రావచ్చని ఆమె చెప్పింది. రానీ అన్నాను. సారు నన్ను లోపలికి కూడా రానివ్వలేదు. నా ఆటో నాకుంది, ఆయన చెప్పినట్టే. కోర్టు ముందర ఇప్పుడు నిలబెట్టడం లేదు. బస్టాండు దగ్గర నిలబెడతాను.

పై కోర్టులో ఇంకా తేలలేదు. వాయిదాలు పడుతున్నాయి. తేలుతుందో లేదో లాయరమ్మ కూడా చెప్పడం లేదు. వీలైనప్పుడు మైదుకూరు దిక్కు పోతాను. ఆమె పనికి పోయిన రోజుల్లో అతన్ని ఎత్తి దించుతాను. అతను ఎప్పటిలాగే బావా అంటాడు. "కోర్టు ఎత్తే మనిషిని ఇయ్యలేదు గానీ, నువ్వే నాకు ఉత్తపుణ్యానికి దొరికిన జీతగానివి" అని ఎగతాళి చేస్తాడు. నవ్వు సగంలో ఆగిపోతుంది.

ఆమె మర్యాదలో లోటు చేయదు. నీళ్లిస్తుంది, అన్నం పెడుతుంది, ఎండలో వచ్చావు కాసేపు కూర్చో అంటుంది. పిలవడం మాత్రం, ఊళ్లో నలుగురూ మొహం తెలియని కొత్తవాళ్లను ఎట్లా పిలుస్తారో అట్లాగే పిలుస్తుంది. పోయిన వారం కూర గిన్నె పట్టుకొని వచ్చి నా పక్కన నిలబడింది.

"ఇంగొంచెం ఎయ్యమంటావా, అప్పా?"

వెయ్యమన్నాను.